కదలని ముల్లు

ఒకటి. కొంచెం ఎడం. ఒకటి, రెండు, మూడు.

మళ్ళీ ఒకటి. ఎడం. ఒకటి, రెండు, మూడు.

లాల్‌సాబ్ డ్రైవర్ సీటు మీద అడ్డంగా వాలి, కాళ్ళు తలుపు బయటికి చాపి, స్టీరింగ్ వెనక వెలిగి ఆరుతున్న పసుపు దీపాన్ని ఐదోసారి లెక్కపెట్టాడు. ఐదుసార్లూ అదే లెక్క.

"పదమూడు," అన్నాడు దీపంతోనే, విసుగ్గా. "పోయిన వారమూ పదమూడే, ఈ వారమూ పదమూడే. ఇంగో లెక్క రాదా నీకు?"

ముందు బానెట్ తెరిచి ఉంది. బ్యాటరీ పక్కనున్న చిన్న ప్లాస్టిక్ కనెక్టర్‌లో రెండు రంధ్రాలను కలుపుతూ అతను ఒక వైరు ముక్క దోపి ఉంచాడు. అలా కలిపితే కారులోని కంప్యూటర్ తన రోగమేదో దీపంతో చెబుతుంది. ఒకటీ రెండూ వెలిగితే పన్నెండు, అంతా బాగున్నట్టు. ఒకటీ మూడూ వెలిగితే పదమూడు, ఆక్సిజన్ సెన్సార్ చెడినట్టు.

ఇంజను నుంచి పొగ బయటికి పోయే ఇనుప గొట్టానికి ఆ సెన్సార్ మరలాగా బిగించి ఉంటుంది. బొటనవేలికన్నా కొంచెం పెద్దది. పోయే పొగను చూసి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో కంప్యూటర్‌కు కబురు పంపడం దాని పని. కబురు తప్పయితే కంప్యూటర్ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. కారు నల్లటి పొగ కక్కుతుంది, నిలిపిన చోట వణుకుతుంది, ఎప్పుడో ఒకప్పుడు నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

ఇదంతా లాల్‌సాబ్‌కు తెలుసు. అతని కోపం తెలియనిదాని మీద కాదు. పోయిన వారమే అతను ఆ సెన్సార్ మార్చాడు. బెంగుళూరు గుజరీలో, పాత ఇనుప సామాన్ల బజారులో, తెలిసినవాడి దగ్గర తెప్పించిన పాత సామాను. బిగించి, బ్యాటరీ వైరు ఒక నిమిషం తీసి పెడితే దీపం ఆరిపోయింది. "పోయింది టీచరమ్మా, ఇంగ రాదు," అని చెప్పి తాళాలు చేతికిచ్చాడు. వారం తిరక్కుండా దీపం మళ్ళీ వెలిగింది.

ఆ రోజు పొద్దున ఏడు కూడా కాకముందే రమాదేవి కారు తెచ్చి షెడ్డు ముందు నిలిపింది. ఆమె చెన్నేకొత్తపల్లి దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు టీచరు. పదో తరగతి పరీక్షలు నడుస్తున్నాయి. ఆమెకు చెన్నేకొత్తపల్లిలో డ్యూటీ.

"మళ్ళా ఎలిగింది లాల్‌సాబన్నా," అంది కారు దిగుతూ. "నిన్న ఊరు ఇంగ రెండు కిలోమీటర్లు ఉండాదనంగా నిలబడిపోయ. ఆటో పట్టుకొని పోయేసరికి పిల్లోళ్ళకి పేపర్లు ఇచ్చేసినారు. నా క్లాసు పిల్లోళ్ళ ముందరే మాట పడితి."

లాల్‌సాబ్ తాళాలు అందుకున్నాడు.

"సాయంత్రం ఐదుకి బాలాజి వస్తాడు ధర్మవరం నుంచి. ఎవరితోనో బేరం మాట్లాడినాడంట. అప్పటికి బాగైతే సరే. లేకుంటే తోలుకపొమ్మంటా. ఇంగ నావల్ల కాదన్నా."

కోప్పడి ఉంటే బాగుండుననిపించింది అతనికి. ఆమె కోప్పడలేదు. బ్యాగు భుజానికి తగిలించుకుని, మోకాలు నొప్పితో కాస్త కుంటుతూ బస్టాండు వైపు నడిచిపోయింది.

బాలాజి ఆమె మరిది. ఆ కారు అతని అన్న ప్రేమ్ కుమార్‌ది. రెండువేల సంవత్సరంలో కొత్తది కొన్నాడు. ఉన్నన్నాళ్ళూ భార్యను స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. ఐదేళ్ళకు కామెర్లు ముదిరి పోయాడు. కారు ఎనిమిది నెలలు టార్పాలిన్ పట్ట కింద పడి ఉంది. అమ్మే ముందు ఒకసారి స్టార్టు చేసి చూడమని రమాదేవి లాల్‌సాబ్‌ను పిలిచింది. అతను బ్యాటరీ ఎక్కించి ఇంజను నడిపించి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "అమ్మేదెందుకు టీచరమ్మా, నేర్చుకోరాదా?"

నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఆమె నేర్చుకుంది. నేర్పింది లాల్‌సాబే. మార్కెట్ యార్డు మైదానంలో, పొద్దున్నే ఆరింటికి, నలభై రోజులు. క్లచ్ మీద కాలు పెట్టాలంటే ఆమెకు వణుకు. ఆమె ఒంటరిగా బడికి బయలుదేరిన మొదటి రోజు, ఆమెకు తెలియకుండా అతను లూనా మీద హైవే దాకా వెనకాలే వెళ్ళి, కారు మలుపు తిరిగి కనుమరుగయ్యాక వెనక్కి వచ్చాడు. అతని కూతురు ఆరిఫా చిన్నప్పుడు ఈమె దగ్గరే చదువుకుంది. ఇప్పుడు కదిరిలో తానూ టీచరే.

ఇన్ని సంగతులున్న కారు. ధర్మవరం నుంచి వచ్చే ఎవడికో తోలుకుపోవడానికి ఇవ్వాలా? అదీ తన చేతగానితనం వల్ల?

లాల్‌సాబ్ లేచి వైరు ముక్క పీకేశాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా, ముందుకు వంగిన భుజాలతో, ఎప్పుడూ ఏదో ఒకదాని కిందికి తొంగిచూస్తున్నట్టు ఉంటాడు. కుడి చూపుడువేలికి గోరు లేదు. ముప్పై ఏళ్ళ కిందట ఒక లారీ ఫ్యాను తినేసింది. అరచేతుల నిండా రాగితీగ కోసిన సన్నని గీతలు. అతని నాయన ఓబులదేవరచెరువులో దూదేకి పరుపులు కుట్టేవాడు. దూది దుమ్ముకు నాయన దగ్గే దగ్గు భరించలేక లాల్‌సాబ్ పద్నాలుగో ఏట లారీ ఎక్కి కదిరి చేరాడు, అక్కడినుంచి హిందూపురం. అక్కడ ఒక ఉస్తాదు దగ్గర ఏడేళ్ళు డైనమోలకు రాగితీగ చుట్టడం నేర్చుకున్నాడు. తర్వాత పెనుకొండలో ఈ రేకుల షెడ్డు.

తొంభైలలో హైవే మీద లారీ డ్రైవర్లకు అతని పేరు తెలుసు. స్టార్టు కాని బండిని కూడా తోసుకొచ్చి, పెనుకొండలో లాల్‌సాబ్ ఉన్నాడులే అనుకునేవారు. సెల్ఫ్ మోటారు తిరిగే చప్పుడు రోడ్డు మీద వినిపిస్తే షెడ్డులో కూర్చునే రోగం చెప్పేవాడు. తర్వాత కాలం మారింది. కాలిన డైనమోకు ఇప్పుడు ఎవరూ తీగ చుట్టించరు, మొత్తం కొత్తది వేయించుకుంటారు. కార్లలోకి కంప్యూటర్లు వచ్చాయి. నాలుగేళ్ళ కిందట ఆ విద్య కూడా చూద్దామని అనంతపురంలో ఒక పెద్ద వర్క్‌షాపుకు మూడు రోజులు వెళ్ళాడు. అక్కడ టై కట్టుకున్న కుర్రవాడు పరీక్ష చేసే యంత్రాన్ని అతని చేతికి ఇవ్వలేదు. మూడో రోజు జాలిపడి ఒక జిరాక్సు కాగితం ఇచ్చాడు, అంతే. దీపం లెక్కలన్నీ అందులోనివే.

"అన్నా, టీ," అన్నాడు పక్క హోటలు రియాజ్ గ్లాసు బానెట్ అంచున పెడుతూ. "పొద్దున్నుంచి దాంతో ఏం కొట్లాటన్నా? ఆయమ్మ ఎట్లాగూ అమ్మేస్తానంటాంది కదా."

"గమ్మున పోప్పా," అన్నాడు లాల్‌సాబ్. టీ చల్లారిపోయింది. ముట్టుకోలేదు.

మొదటినుంచీ మొదలుపెట్టాడు. సెన్సార్ నుంచి కంప్యూటర్ దాకా ఒకే ఒక వైరు. దాన్ని వేలితో తడుముతూ పోయాడు, ఎక్కడా ఒరుసుకుపోలేదు. మీటరు పెట్టి చూస్తే తెగలేదు కూడా. పొగగొట్టం అతుకు దగ్గర పొగ లీకవుతోందేమోనని సబ్బునీళ్ళు చల్లి చూశాడు. బుడగ రాలేదు. ప్లగ్గులు విప్పితే నల్లటి మసి. అది రోగం కాదు, రోగం చేసిన పని. తుడిచి బిగించాడు. గాలి ఫిల్టర్ దులిపాడు. ఒక్కొక్కటీ బాగున్నట్టు తేలేకొద్దీ అతనికి చిరాకు పెరిగింది. ఏదో ఒకటి చెడి ఉంటే ఎంత సుఖం!

ఇంజను పది నిమిషాలు నడిపి వేడెక్కించి, మీటరు వైరు ఒకదాన్ని సెన్సార్ వైరుకు, రెండోదాన్ని ఇంజను ఇనుముకు తగిలించాడు. అది పాత ముల్లు మీటరు. సెన్సార్ బతికి ఉంటే, పొగ మారినప్పుడల్లా ముల్లు అటూ ఇటూ ఊగాలి. ముల్లు సున్నాకు కొంచెం పైన ఆగిపోయింది. గాలి పోయే దారికి గుడ్డ అడ్డం పెట్టాడు. పెట్రోలు ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరయింది, వెనక నల్లటి పొగ గుప్పుమంది, రియాజ్ హోటలు ముందు కూర్చున్నవాళ్ళు తిట్టారు. ముల్లు మాత్రం కదల్లేదు.

"సచ్చినాదా నువ్వు?" అన్నాడు సెన్సార్‌ను చూస్తూ.

అయినా నమ్మలేకపోయాడు. ఇంత చిన్న కరెంటుకు ఈ ముల్లు మీటరు పనికిరాదని అనంతపురంలో ఆ కుర్రవాడు అన్నాడు. అదే నిజమైతే సెన్సార్ బాగానే ఉండొచ్చు, చెడింది కంప్యూటరే కావొచ్చు. కంప్యూటర్ అయితే తన చేతిలో ఏమీ లేదు. పోయిన వారం తొందరపడి ఒక మాట చెప్పి చెడ్డాడు. ఈసారి చెబితే అది నిజం కావాలి.

పదకొండు దాటింది. రేకుల కింద గాలి కాలుతోంది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. లాల్‌సాబ్ టైరు మీద కూలబడి, కొట్టుకుంటున్న ఇంజనును చాలాసేపు చూశాడు. అది ఒక క్షణం ఎగిరి, ఒక క్షణం కుంగి, రొప్పుతూ నడుస్తోంది.

అప్పుడు అతనికి గుజరీలో ఒక ముసలి మెకానిక్ చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. మీటరు లేకపోతే ఒళ్ళే మీటరు అన్నాడతను. ఒక చెయ్యి బ్యాటరీ మీద పెట్టు, రెండో చేత్తో కంప్యూటర్‌కు పోయే వైరు పట్టుకో, చూడు ఏమవుతుందో అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. లాల్‌సాబ్ కూడా నవ్వాడు.

లేచాడు. సెన్సార్ దగ్గర వైరు ఊడదీశాడు. కంప్యూటర్ వైపు పోయే కొసను ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. కుడి అరచేతిని నాలుకతో తడి చేసుకుని బ్యాటరీ పాజిటివ్ మీద ఆనించాడు.

ఏమీ కాలేదు. అతను కదలకుండా నిలబడ్డాడు. ఒంట్లో ఏమీ తెలియలేదు. చీమ కుట్టినంత కూడా లేదు. కానీ రెండు మూడు సెకన్లకు ఇంజను చప్పుడు మారింది. రొప్పు తగ్గింది. కుంగడం ఆగింది. వెనక పొగ పలచబడింది. చెయ్యి తీశాడు, మళ్ళీ రొప్పు. చెయ్యి పెట్టాడు, మళ్ళీ నిమ్మళం.

కంప్యూటర్ వింటోంది. వైరు బాగుంది. కబురు సరైనది పంపితే ఇంజను సరిగ్గా నడుస్తోంది. అయితే చెడింది ఒక్కటే.

లాల్‌సాబ్‌కు సంతోషం కలగలేదు. పోయిన వారం తాను బిగించింది చచ్చిన సామాను. చచ్చిన దాని స్థానంలో చచ్చిన దాన్ని పెట్టి, దీపం ఆర్పేసి, పోయింది అన్నాడు. కనీసం మీటరైనా పెట్టి చూడలేదు. చూడటానికి పట్టేది పది నిమిషాలు.

హిందూపురంలో స్పేర్ పార్టుల షాపు ఏసుదాసుకు ఫోను చేశాడు.

"ఒక వైరుదా? ఇప్పుడన్నీ నాలుగు వైర్లవేనప్పా," అన్నాడు ఏసుదాసు. "ఉండు, పైన అటకలో ఏమన్నా ఉండాదేమో చూస్తా." చాలాసేపటికి మళ్ళీ పలికాడు. "ఒకటి ఉండాది. ఎవరో చెప్పి తీసుకోకుండా పోయినారు. బస్సు డ్రైవరుతో పంపియ్యనా?"

"వద్దు, నేనే వస్తా. కంటితో చూడాల."

హిందూపురం బస్సులో సీటు దొరకలేదు. హైవే వెడల్పు చేస్తున్నారు. సోమందేపల్లి దాకా ఎర్రటి దుమ్ము. కమ్మీ పట్టుకుని నిలబడినంతసేపూ చెమట ఆగలేదు. దవడ కింద సన్నగా లాగింది. పన్ను అనుకున్నాడు. హిందూపురంలో దిగాక బస్టాండు అరుగు మీద కాసేపు కూర్చోవలసి వచ్చింది. ఒక నిమ్మసోడా తాగి, ఎండను తిట్టుకుంటూ నడిచాడు.

ఏసుదాసు ఇచ్చిన అట్టపెట్టె మీద దుమ్ము పేరుకుని ఉంది. లాల్‌సాబ్ లోపలి సెన్సార్ తీసి, మరలు చూశాడు, కొస చూశాడు, వైరు చూశాడు.

"పెండ్లికూతుర్ని చూసినట్ల చూస్తాండావే," అన్నాడు ఏసుదాసు. "మొకం యాలప్పా అట్ల తెల్లబోయింది? బువ్వ తిన్యావా?"

"తింటాలే. ఐదుకి పని అయిపోవాల."

"ఎనిమిదేండ్ల బండికి ఇంత తిప్పలా? ఇట్లాంటివన్నీ వదిలిపెట్టి అల్లుని దగ్గరికి పోయి కూర్చోరాదా కదిరికి?"

"కూర్చుంటే ఏం చేయాల?" అన్నాడు లాల్‌సాబ్. నిజంగానే అడిగాడు. ఏసుదాసు సెన్సార్‌ను మళ్ళీ పెట్టెలో పెట్టి ఇచ్చాడు.

తిరిగి వచ్చేసరికి మూడు కావస్తోంది. బిగిసిన మర సడలాలని ఇంజను ఒకసారి నడిపాడు, గొట్టం కాలిపోతోంది. ఆరే దాకా ఆగే ఓపిక లేదు. స్పానర్ జారి ముంజేయి గొట్టానికి తగిలింది, చర్మం చురుక్కుమంది. నోట్లోంచి బూతు వచ్చింది. కాలినచోట టీ గ్లాసులోని చల్లటి టీ ఒలకబోసుకుని మళ్ళీ పట్టాడు. పాతది ఊడింది. కొత్తది చేత్తో తిప్పి, మరలు సరిగ్గా కూర్చున్నాక స్పానర్‌తో బిగించాడు. వైరు తగిలించాడు. ఇంజను స్టార్టు చేసి, మీటరు ముందు మడ్‌గార్డు మీద నిలబెట్టి, చూస్తూ నిలబడ్డాడు.

ముల్లు సున్నాకు కొంచెం పైన ఉంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. కదల్లేదు.

లాల్‌సాబ్‌కు అరవాలనిపించింది. సుత్తి తీసుకుని ఆ మీటరునూ ఆ కారునూ ఈ షెడ్డునూ పగలగొట్టాలనిపించింది. వేడెక్కాలి. వేడెక్కకుండా అది పలకదు. ఆ మాట తనకు తానే చెప్పుకుంటూ, స్కూలు పిల్లవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఐదో నిమిషంలో ముల్లు వణికింది. కొంచెం పైకి పోయింది. ఆగింది. దిగింది. మళ్ళీ లేచింది, ఈసారి ఇంకా పైకి. తర్వాత ఎవరో ఊపుతున్నట్టు అటూ ఇటూ, అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది.

"రియాజూ!" అని కేకేశాడు. "రాప్పా ఈడికి, బిర్నా!"

రియాజ్ పరుగున వచ్చి మీటరు వంక చూసి, "ఏమన్నా?" అన్నాడు.

"చూడు."

"ఊగుతాంది."

"ఆఁ. ఊగుతాంది," అన్నాడు లాల్‌సాబ్. అంతకన్నా చెప్పడానికి అతనికి మాట దొరకలేదు. రియాజ్ కొంచెంసేపు నిలబడి, మరేమీ జరగకపోవడంతో హోటలుకు వెళ్ళిపోయాడు.

నాలుగున్నరకు రమాదేవి వచ్చింది. ఆమె వెనకాలే మోటారుసైకిలు మీద బాలాజి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా జేబులో ఫోను మోగుతూనే ఉంది.

"అయిందాప్పా?" అన్నాడు బండి దిగకుండానే. "నువ్వు పోయిన వారం కూడా అయిందనే చెప్పినావంట కదా. ఈ డొక్కును పట్టుకొని ఇంగ ఎన్ని దినాలు ఆడుకుంటావు మా వదినతో?"

లాల్‌సాబ్ అతనికి జవాబు చెప్పలేదు. రమాదేవి ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతిగుడ్డను రెండు చేతులతో పట్టుకుని మెలిపెడుతున్నాడు.

"తప్పు నాదే టీచరమ్మా. పోయిన వారం నేను ఏసింది సచ్చిన సామాను. పరీక్ష చేయకుండానే బిగిస్తి. లైటు ఆర్పినా గానీ రోగం పోగొట్టలే. నిన్న నువ్వు నడిరోడ్లో నిలబడింది నావల్లనే. ఈ పొద్దు కొత్తది ఏసినా. పని చేస్తాంది. నా కండ్లతో చూసినా."

బాలాజి నవ్వాడు. "విన్నావా వదినా? వాని నోటితో వాడే..."

"వాడు గీడు అనొద్దు," అంది రమాదేవి. తరగతి గదిలో మాట్లాడే గొంతు. బాలాజి నోరు మూసుకున్నాడు. ఆమె లాల్‌సాబ్ ముఖంలోకి చూసింది, కాలిన ముంజేయి వంక చూసింది. తర్వాత కారెక్కి తాళం తిప్పింది.

"కూర్చో బాలాజి."

"నేనెందుకు వదినా..."

"కూర్చో. హైవే దాకా పోయొద్దాం."

వాళ్ళు వెళ్ళి వచ్చేవరకు లాల్‌సాబ్ రోడ్డు వైపు చూడలేదు. స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టాడు. పావుగంట తర్వాత కారు చప్పుడు వినిపించింది. తల ఎత్తకుండానే విన్నాడు. రొప్పు లేదు. కారు షెడ్డు ముందు ఆగి, నిలిచిన చోట వణక్కుండా నిలిచింది.

బాలాజి దిగి ఫోనులో ఎవరికో ఏదో చెప్పుకుంటూ మోటారుసైకిలు దగ్గరికి వెళ్ళాడు. రమాదేవి అతని వెంట నడిచి, చాలాసేపు నెమ్మదిగా మాట్లాడింది. "కారు అమ్మను," అన్న మాట ఒక్కటే లాల్‌సాబ్‌కు వినబడింది. ఆ కాసేపట్లో అతను కారులోకి వంగి, స్టీరింగ్ మీద తన చేతి మరకలు తుడిచాడు.

"రేపు లెక్కల పరీక్ష," అంది ఆమె తాళాలు తీసుకుంటూ. "ఏడున్నరకల్లా ఆడుండాల."

"ఉంటావు టీచరమ్మా."

"నువ్వు ఇంటికి పోన్నా. మనిషివి మనిషిలా లేవు."

ఇంటికి వెళ్ళాడు. హసీనాబీ అతన్ని చూసి కంగారుపడింది. పొద్దున కట్టిచ్చిన క్యారియరు తెరవకుండానే తిరిగొచ్చింది. "ఏమైంది నీకు? బువ్వ కూడా తినకుండా?" అని గదమాయించింది. అతను కాళ్ళు కడుక్కుని, వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని, టీ పెట్టమన్నాడు. ఆమె పొయ్యి దగ్గరినుంచి ఏదో అడుగుతుంటే, ముల్లు ఎలా ఊగిందో చెప్పాడు. ఆమెకు ఏ ముల్లో అర్థం కాలేదు. అయినా ఊఁ కొట్టింది. అల్లం దంచుతూ, అతని మాట ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు. టీ తెచ్చేసరికి తల పక్కకు వాల్చి ఉన్నాడు. ఎండలో తిరిగి అలిసిపోయాడని, గ్లాసు మీద మూత పెట్టి పక్కన ఉంచి, పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడేవరకు లేపలేదు.

మరునాడు కారు ఎక్కడా ఆగలేదు. రమాదేవి ఏడుంబావుకే చెన్నేకొత్తపల్లి చేరింది. పిల్లలకు పేపర్లు తానే పంచింది. తిరుగు ప్రయాణంలో నాలుగైదుసార్లు స్టీరింగ్ వెనక్కి చూసింది. పసుపు దీపం వెలగలేదు. ఆ మాట చెప్పాలని నేరుగా షెడ్డు దగ్గరికే వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటింది. షెడ్డు తలుపుకు తాళం ఉంది.

రియాజ్ హోటలులోంచి బయటికి వచ్చాడు. అతని తల మీద ఇంకా టోపీ ఉంది.

"అన్న లేడు టీచరమ్మా," అన్నాడు. "నిన్న మాపునే, గుండె ఆగి. పన్నెండుకి మట్టి చేసొస్తిమి. మీకు ఎవురూ చెప్పలేదా?"

రమాదేవికి మొదట అర్థం కాలేదు. "నిన్న నాతో మాట్లాడినాడే," అంది. రియాజ్ తల వంచుకున్నాడు. ఆమె కారు వైపు తిరిగింది. హసీనాబీ దగ్గరికి వెళ్ళాలి, ఆరిఫా వచ్చి ఉంటుంది. కానీ తాళం తిప్పకుండా కారులోనే కూర్చుండిపోయింది. ఎదురుగా పడమటి ఎండ అద్దంలోంచి కళ్ళలో పడుతోంది. అడ్డం పెట్టుకుందామని ముందు అద్దం పైనున్న ఎండరెక్కను కిందికి లాగింది.

ఒక అట్టముక్క ఆమె ఒళ్ళో పడింది. కొత్త సామాను పెట్టె మూత, చింపింది. దాని మీద నీలం బాల్‌పెన్నుతో, గట్టిగా అదిమి రాసిన అక్షరాలు:

'టీచరమ్మకు. వారం నడిపినాక ఒక తూరి తీసుకొని రావాల. ముల్లు చూడాల. ఈ తూరి చూడకుండా చెప్పను. లాల్‌సాబ్.'

అట్ట మూలన బొటనవేలు పట్టుకున్నచోట గ్రీసు ముద్ర. ఆమె దాని మీద వేలు పెట్టింది. అది ఇంకా పచ్చిగానే ఉంది.